జపాన్ పెటీ కత్తి: 120 మంచిదా, 150 మంచిదా? ఏ ఉక్కు, ఏ రాయి?

బ్రాడీపేట_గరిట | శనివారం ఉదయం 7:10

నమస్కారమండీ. నలుగురున్న ఇంటికి రోజూ వాడుకునే జపాన్ యుటిలిటీ కత్తి ఒకటి కొనాలి. కోసేవి దొండకాయ, బెండకాయ, వంకాయ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, అల్లం. ఆదివారం ఎముక లేని చికెన్. పండ్లు ఎలాగూ ఉంటాయి. అన్నీ కలిపి 9,000 దాటకూడదు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకే పోలికలో ఉన్న కత్తి 1,500కీ ఉంది, 15,000కీ ఉంది. వీజీ10, ఏయూఎస్8, బ్లూ స్టీల్, 67 పొరల డమాస్కస్ అని రాస్తున్నారు. ఇందులో పనికొచ్చే మాట ఏది, అలంకారం ఏది? పొడవు 120 మిల్లీమీటర్లు చాలా, 150 కావాలా? గుంటూరులో వీటికి పదును ఎక్కడ పెట్టించాలి?

సానరాయి | ఉదయం 7:48

ఉక్కు సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆకారం.

యుటిలిటీ అని అమ్మేదాన్ని జపాన్‌లో పెటీ అంటారు. ఫ్రెంచిలో 'చిన్నది' అనే మాటే అలా మారింది. పొడవు మామూలుగా 120 నుంచి 150 మిల్లీమీటర్లు. అందరూ పొడవు చూస్తారు గానీ వెడల్పు చూడరు. పిడి మొదట్లో వాదర నుంచి వెన్ను దాకా కొలిస్తే పెటీకి 25 నుంచి 32 మి.మీ. ఉంటుంది. అదే శాంతోకుకి, అంటే జపాన్ ఇళ్లలో అన్నిటికీ వాడే వెడల్పాటి కత్తికి, 45 దగ్గర ఉంటుంది. పెటీ పిడిని పిడికిట పట్టి పలక నడిమధ్యన ఉల్లిపాయ తరిగితే, వాదర పలకని తాకకముందే వేళ్ల కణుపులు తాకుతాయి. అది కత్తి లోపం కాదు, దాని కొలతే అంత. పలక అంచుకి దగ్గరగా నిలబడి, పిడి పలక బయటికి వచ్చేలా పెట్టుకుని కోస్తే ఈ ఇబ్బంది ఉండదు.

కాబట్టి ముందు ఇది చెప్పండి: మీ ఇంట్లో కూరలు పలక మీద కోస్తారా, చేతిలో పట్టుకుని గిన్నెలోకి కోస్తారా?

బ్రాడీపేట_గరిట | ఉదయం 8:02

సగం సగమండీ. ఉల్లిపాయ, చికెన్ పలక మీద. దొండకాయ, వంకాయ చేతిలోనే.

లబ్బీపేట_వంటిల్లు | ఉదయం 8:30

అలాగైతే 150 తీసుకోండి. పెద్ద ఉల్లిపాయ అడ్డంగా 8 సెంటీమీటర్లు ఉంటుంది. 120 కత్తితో దాన్ని ఒక్క లాగుడులో కొయ్యలేరు, ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఆడించాలి. అలా ఆడిస్తే ముక్క గరుకుగా తెగి నీరు కారుతుంది, కళ్లు మండేది కూడా అప్పుడే ఎక్కువ. చికెన్ బ్రెస్ట్ మీద కొవ్వు, తెల్ల పొర తియ్యడానికీ పొడవు కావాలి. 150 పెటీ సన్నగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి చేతిలో పట్టుకుని కొయ్యడానికీ మరీ బరువనిపించదు.

తెనాలి_కత్తిపీట | ఉదయం 9:05

లబ్బీపేట గారూ, చేతిలో కోసేటప్పుడు బరువు కాదు ఇబ్బంది, మొన ఎక్కడుందో తెలియకపోవడం. గుత్తి వంకాయకి తొడిమ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీలిక పెట్టాలంటే మొన బొటనవేలి ఎదురుగా కనపడాలి. 150 కత్తికి మొన కాయ దాటి అవతల అరచేతి వైపుకి వెళ్తుంది. కాకరకాయ పొట్ట చీల్చి గింజలు తియ్యడం, బెండకాయకి గాటు పెట్టడం, బంగాళాదుంప కళ్లు తవ్వడం, ఇవన్నీ 120 పనులే. పెద్ద ఉల్లిపాయల గుట్ట ఉంటే దానికి కత్తిపీట ఉండనే ఉంది.

ఇంకో మాట. ఈ కత్తి వచ్చాక కత్తిపీట అటకెక్కించవద్దు. కంద, పనసకాయ, గుమ్మడికాయ, కొబ్బరి, గోంగూర కట్టలు దాని మీదే. ఆవకాయ మామిడికాయ టెంకతో సహా కొయ్యడానికి జపాన్ కత్తి పనికిరాదు. టెంక మీద ఒక్క దెబ్బకి వాదర పళ్లు ఊడతాయి, అంటే అంచు చిన్న ముక్కలుగా విరుగుతుంది.

గవర్నర్‌పేట_కిచెన్ | ఉదయం 9:40

ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే వీళ్లకి కత్తి ఒక్కటే కొనాలి. ఇంట్లో ఇప్పటికే 100 రూపాయల చిన్న కూరల కత్తి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. గుత్తి వంకాయ గాటుకి అది చాలు. కొత్తగా కొనే కత్తి చిన్న కత్తి చెయ్యలేని పని చెయ్యాలి కాబట్టి నా ఓటు 150కే.

పట్టు కూడా మార్చుకోవాలి. పిడిని గుప్పిట్లో పట్టకుండా, పిడి మొదట్లో రేకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెతో పట్టినట్టు పట్టి, మిగతా మూడు వేళ్లూ పిడికి చుట్టండి. కత్తి పక్కకి ఒరగదు, కణుపులు పలకకి తగలడం కూడా చాలా తగ్గుతుంది. వెన్ను మూలలు కోసుగా ఉంటే ఈ పట్టుకి వేలు ఒరుసుకుపోతుంది. 600 నంబరు వాటర్ పేపర్‌తో వెన్ను మూలల్ని అయిదు నిమిషాలు రుద్ది గుండ్రం చేసుకోవచ్చు, వాదర వైపు మాత్రం చెయ్యి పోనివ్వకండి.

ఉక్కు_లెక్క | ఉదయం 10:25

ఇక ఉక్కు. మొత్తం పేర్లన్నీ బట్టీ పట్టక్కర్లేదు, రెండు సంగతులు పట్టుకుంటే చాలు: గట్టిదనం ఎంత, తుప్పు పడుతుందా లేదా.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సి స్కేలు మీద కొలుస్తారు. మామూలు యూరప్ వంటింటి కత్తులు 55-57. జపాన్ ఏయూఎస్8 ఉక్కు 57-59. వీజీ10 సుమారు 60-61. పొడి లోహాన్ని అదిమి చేసే ఎస్‌జీ2 అయితే 62-64. మెత్తని ఉక్కుని బాగా పలచగా సానబడితే వాదర వంగి ఒక పక్కకి పడిపోతుంది. గట్టి ఉక్కు వంగదు కాబట్టి పక్కకి 15 డిగ్రీల చొప్పున పలచని కోణంలో పదును పెట్టినా నిలబడుతుంది. జపాన్ కత్తి టమాటా తొక్కని నొక్కకుండానే కొయ్యడానికి అసలు కారణం ఆ పలచదనమే. గట్టి ఉక్కుతో వచ్చే నష్టం కూడా అదే గుణం వల్ల: వంగదు, విరుగుతుంది. మెత్తని కత్తి ఎముక మీద పడితే వాదర చొట్టపోతుంది, గట్టి కత్తికి పన్ను ఊడుతుంది.

వీజీ10 అనేది ఫుకుయ్ ప్రాంతంలో తకేఫు స్పెషల్ స్టీల్ సంస్థ చేసే ఉక్కు. కార్బన్ 1 శాతం దగ్గర, క్రోమియం 15 శాతం దగ్గర, కొద్దిగా మాలిబ్డినం, వెనేడియం, కోబాల్ట్. తుప్పుని బాగా తట్టుకుంటుంది. గిన్‌సాన్ అని ఇంకోటి దొరుకుతుంది, అది కూడా తుప్పు పట్టని రకమే, రాయి మీద ఇంకాస్త తేలిగ్గా పదునెక్కుతుంది.

బ్లూ స్టీల్, వైట్ స్టీల్ అంటే ఉక్కు రంగు కాదు. యసుగి ఉక్కు కర్మాగారంలో వాటిని చుట్టే కాగితం రంగుని బట్టి వచ్చిన పేర్లు, ఆవోగామి అంటే నీలి కాగితం, షిరోగామి అంటే తెల్ల కాగితం. తెల్ల కాగితం ఉక్కు దాదాపు శుద్ధమైన ఇనుము, కార్బన్. నీలి కాగితం దానిలో టంగ్‌స్టన్, కొద్దిగా క్రోమియం కలుపుతారు, అందువల్ల పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఈ రెండూ తుప్పు పట్టే ఉక్కులే, వీటినే కార్బన్ ఉక్కు అంటారు. తుప్పుని ఆపే క్రోమియం ఒక శాతం లోపే ఉంటుంది మరి.

మీ బడ్జెట్‌లో వీజీ10 లేదా ఏయూఎస్ రకం, మూడు పొరలది, నున్నగా ఉన్నది తీసుకోండి. తొజిరో అనే జపాన్ సంస్థ డీపీ వరుసలో 120, 150 రెండూ ఉన్నాయి: మధ్యలో గట్టి ఉక్కు, ఇరుపక్కలా మెత్తని స్టెయిన్‌లెస్ పొర, రివెట్లు కొట్టిన పిడి. గ్లోబల్ అనే బ్రాండు కత్తులు వేరే పద్ధతి, మొత్తం ఒకే లోహం, పిడి కూడా స్టీలే, గట్టిదనం 56-58. పదును తొందరగా తగ్గుతుంది గానీ పన్ను తేలిగ్గా ఊడదు. నూనె చేత్తో పట్టుకుంటే ఆ పిడి జారుతుంది, మన వంటలకి నేనది సిఫారసు చెయ్యను.

కొత్తపేట_కొత్తిమీర | ఉదయం 11:10

67 పొరలంటే ఎక్కువ బలమా సార్?

ఉక్కు_లెక్క | ఉదయం 11:22

కాదు. మధ్యలో గట్టి ఉక్కు ఒక పొర, అటు 33, ఇటు 33, మొత్తం 67. కోసేది మధ్య పొర ఒక్కటే. ఆ 66 పొరలూ రేకు పక్కల మీద నీటి అలల్లాంటి చారలు రావడానికి. అందంగానే ఉంటాయి, కానీ కోతకి ఏమీ కలవదు. పైగా రాయి మీద పక్కలు ఒరిస్తే చారలు చెదురుతాయని చాలామంది ఆ కత్తిని ఎప్పటికీ పలచన చెయ్యరు.

తక్కువ ధరలో 67 పొరలని వస్తే అనుమానించండి. నిజమైన పొరల కత్తికి వాదర నుంచి కొన్ని మిల్లీమీటర్ల పైన మధ్య ఉక్కు, పక్క పొర కలిసే గీత అలలు అలలుగా కనపడుతుంది. లేజర్‌తో ముద్రించిన బొమ్మ అయితే చారలు అచ్చు గుద్దినట్టు ఒకే వరుసలో తిరిగి తిరిగి వస్తాయి, కొన్నిటికి వాదర చివరిదాకా కూడా వచ్చేస్తాయి.

సానరాయి | ఉదయం 11:50

'జపాన్ స్టీల్', 'జపనీస్ స్టైల్' అనే మాటలకి అర్థం లేదు. మన దేశంలో దిగుమతి సరుకు పొట్లం మీద తయారైన దేశం, దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా ఉండాలన్నది లీగల్ మెట్రాలజీ నిబంధన. ఆన్‌లైన్ పేజీలో కూడా తయారైన దేశం చూపించాలి. అది చూడకుండా కొనొద్దు. ఆ వివరం లేకపోయినా, ఉక్కు పేరు చెప్పకుండా 'హై కార్బన్' అని వదిలేసినా పక్కన పెట్టండి.

తెనాలి_కత్తిపీట | మధ్యాహ్నం 12:15

తుప్పు పడుతుందని కార్బన్ ఉక్కుని అంత తేలిగ్గా కొట్టేస్తే ఎలాగండీ? మన కత్తిపీట వాదర కూడా కార్బన్ ఉక్కే కదా. ఆరబెట్టి పెట్టుకుంటే ఏళ్ల తరబడి నడుస్తోంది. రాయి మీద వైట్ స్టీల్ పది నిమిషాల్లో పదునెక్కుతుంది. వీజీ10 అయితే నూగు, అంటే పదును పెట్టేటప్పుడు వాదర అంచున లేచే సన్నని గరుకు, ఒక పట్టాన ఊడిరాదు, కొత్తవాళ్లు పదును పెట్టడం ఇక మనవల్ల కాదని వదిలేసేది అక్కడే.

ఉక్కు_లెక్క | మధ్యాహ్నం 12:40

నూగు సంగతి ఒప్పుకుంటాను. వీజీ10కి అది నిజంగా మొండిది. కానీ మన కాయగూరల లెక్క చూడండి. పచ్చి అరటికాయ, అరటిపువ్వు, వంకాయల్లో టానిన్లు ఎక్కువ. అవి ఇనుముతో కలిస్తే నల్లబడతాయి. వైట్ స్టీల్‌తో అరటికాయ కోస్తే రేకూ నల్లబడుతుంది, ముక్కా నల్లబడుతుంది. పచ్చి మామిడి, నిమ్మ, చింతకాయ పులుపుకి కొత్త రేకు మీద నిమిషాల్లో మచ్చ తేలుతుంది, ఉల్లిపాయకి కూడా అంతే. కొన్ని వారాలకి బూడిద నీలం రంగు పాటినా పట్టాక తగ్గుతుంది, అది మంచిదే, ఎర్ర తుప్పు కాదు. అయితే ఆ కొన్ని వారాలూ ప్రతి కాయ తర్వాతా తుడవాలి. కృష్ణ ఒడ్డున వానాకాలం గాలిలో తేమకి, తడిగా వదిలిన కార్బన్ వాదర మీద రాత్రికి రాత్రే ఎర్రచుక్కలు లేస్తాయి. కత్తిపీట వాదర మందం, రోజూ గీకినా చెల్లుతుంది. పెటీ వాదర వెనక మందం మిల్లీమీటరులో పావు వంతు. దానిమీద తుప్పు గుంట పడితే అక్కడ పన్ను ఊడినట్టే.

ఇష్టంగా చూసుకునేవాళ్లకి మధ్య మార్గం ఉంది: మధ్యలో బ్లూ స్టీల్, పక్కలా స్టెయిన్‌లెస్ ఉన్నది. తుడవాల్సింది వాదర దగ్గర కనపడే ఆ సన్నని పట్టీ ఒక్కటే. ఇంట్లో అందరూ ముట్టుకునే కత్తికి మాత్రం స్టెయిన్‌లెస్సే.

తెనాలి_కత్తిపీట | మధ్యాహ్నం 12:58

ఇంట్లో అందరూ ముట్టుకుంటారన్న మాటకి సరేనండీ. కత్తిని ఒక్కరే వాడే ఇంటికైతే నా మాట మీదే ఉంటాను.

లబ్బీపేట_వంటిల్లు | మధ్యాహ్నం 1:20

స్టెయిన్‌లెస్ అన్నా నిశ్చింత కాదు. నిమ్మకాయ పచ్చడికి కోసి, ఉప్పు, రసం అంటిన కత్తిని అరగంట గట్టు మీద వదిలేస్తే వీజీ10 మీద కూడా సూదిమొనంత గుంటలు పడతాయి. ఉప్పు, పులుపు కలిస్తే ఏ స్టెయిన్‌లెస్‌కైనా ప్రమాదమే. కోసిన వెంటనే సబ్బునీళ్లతో మెత్తని స్పాంజి పెట్టి కడిగి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వాలి. సింకులో గిన్నెల కింద పడెయ్యకూడదు. పచ్చ పీచుతో తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లోనే మచ్చలు మొదలవుతాయి.

ఎడమచేతి_వాటం | మధ్యాహ్నం 2:05

ఎడమచేతివాళ్లు ఏది చూసుకోవాలండీ?

సానరాయి | మధ్యాహ్నం 2:30

పెటీ మామూలుగా రెండు పక్కలా సాన పెట్టినదే ఉంటుంది, దానికి చెయ్యి పట్టింపు లేదు. కానీ రెండు జాగ్రత్తలు. కొన్ని సంస్థలు కుడిపక్క ఎక్కువ, ఎడమపక్క తక్కువ సాన పెట్టి పంపుతాయి, 70-30 అంటారు. ఎడమచేత్తో కోస్తే ముక్క నిలువుగా తెగకుండా పక్కకి లాగుతుంది. రాయి మీద నాలుగైదుసార్లు పదును పెట్టేసరికి సరిచేసుకోవచ్చు. రెండోది, జపాన్ పద్ధతి చెక్క పిడి కొన్నిటికి అడ్డకోత ఆంగ్ల అక్షరం 'డి' ఆకారంలో ఉంటుంది, ఉబ్బు కుడి అరచేతికి సరిపోయేట్టు. మీరు ఎనిమిది పలకలదో, గుడ్డు ఆకారందో తీసుకోండి. ఒక్క పక్కే సాన పెట్టే యానగిబా, ఉసుబా లాంటి వాటి జోలికి మాత్రం పోవద్దు, వాటిలో ఎడమచేతివి వేరే చేయించాల్సిందే.

బ్రాడీపేట_గరిట | సాయంత్రం 4:10

చాలా స్పష్టమైందండీ. 150, స్టెయిన్‌లెస్, మూడు పొరలు, నున్నటిది. పార్సిల్ విప్పగానే ఏమేం చూసుకోవాలి? పలక ఏది కొనాలి? ఇప్పుడు గ్రానైట్ గట్టు మీదే కోస్తున్నాం.

గవర్నర్‌పేట_కిచెన్ | సాయంత్రం 4:35

గ్రానైట్ మీద ఒక్కసారి కూడా వద్దు. గాజు పలక, స్టీలు పళ్లెం కూడా అంతే. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ కత్తి ఉక్కు కంటే గట్టిది. ఆ గట్టు మీద ఒక్క కూర కోసేసరికి వాదర చచ్చుబడుతుంది.

పలక కనీసం 35 × 25 సెంటీమీటర్లు ఉండాలి. వేప చెక్క పలక బాగుంటుంది. టేకు మాత్రం చూడ్డానికి ఎంత బాగున్నా దానిలో సహజంగా సిలికా ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. వెదురు పలకలు అతికించే జిగురు గట్టిగా ఉంటుంది, అవీ రెండో రకమే. మెత్తని తెల్ల ప్లాస్టిక్ పలక చికెన్‌కి విడిగా పెట్టుకోండి. చెక్క పలకకి నెలకోసారి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రాయండి. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె రాస్తే కొన్నాళ్లకి బంకగా మారి వాసనొస్తుంది. పలక కింద తడిగుడ్డ పరిస్తే జారదు.

సానరాయి | సాయంత్రం 5:00

పార్సిల్ విప్పాక: వాదరని కంటికి ఎదురుగా, పిడి దగ్గర నుంచి మొన దాకా దీపం వైపు పెట్టి చూడండి. వాదర ఒకే గీతలా ఉండాలి, పాములా వంకర ఉంటే వెనక్కి పంపండి. గాజు పలక మీద వాదరని మెల్లగా ఆనించి వెనక నుంచి వెలుతురు చూడండి. వంపుని అనుసరించి దొర్లించినప్పుడు ఎక్కడా మధ్యలో సందు కనపడకూడదు. సందు ఉందంటే అక్కడ ఎక్కువ గీకేశారు, ఆ చోట ఉల్లిపాయ పూర్తిగా తెగక దండలా వేలాడుతుంది. వెన్ను మందం పిడి దగ్గర 2 మి.మీ. లోపు ఉండాలి. 2.5 ఉంటే కేరట్ తెగేముందు చీలుతుంది. పిడికీ లోహానికీ మధ్య గోరు దూరేంత సందు ఉండకూడదు, నీళ్లు దిగేది అక్కడే.

ఇవి చూశాకే వాడండి. ఒక్కసారి కోశాక వెనక్కి తీసుకోరు.

కొత్తపేట_కొత్తిమీర | సాయంత్రం 5:25

సైకిలు మీద సాన పట్టేవాళ్ల దగ్గర పదును పెట్టించొచ్చా?

సానరాయి | సాయంత్రం 6:15

కత్తిపీటకి, కొడవలికి వాళ్లే సరైనవాళ్లు. ఈ కత్తికి మాత్రం వద్దండీ, వాళ్ల పనితనంలో లోపం ఉండి కాదు. ఆ చక్రం గరుకు, నీళ్లు లేకుండా తిరుగుతుంది. పావు మిల్లీమీటరు వాదర క్షణంలో వేడెక్కుతుంది. వంటింటి కత్తి ఉక్కుని చాలావరకు తయారీలో చివరిసారి 200 డిగ్రీల లోపే కాచి గట్టిదనం కుదురుస్తారు. అది దాటితే గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. అంచు నీలం రంగు తిరిగిందంటే 300 డిగ్రీల దగ్గరకి వెళ్లినట్టే, అంతమేరా ఉక్కు మెత్తబడిపోయింది. కత్తిని మధ్యలోంచి లాగే చిన్న ప్లాస్టిక్ పదును పరికరాలూ వద్దు, అవి కోణాన్ని మొద్దుగా మార్చి వాదరని చిన్నచిన్న పళ్లుగా చింపుతాయి. గాళ్లున్న ఇనుప కడ్డీ మెత్తని యూరప్ కత్తులకి, దీనికి కాదు.

1000 నంబరు నీటిరాయి ఒక్కటి చాలు (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన). కింగ్ 1000 లాంటివి 10-15 నిమిషాలు, బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. షాప్టన్ కురోమాకు రకం నానబెట్టకూడదు, పైన నీళ్లు చల్లితే చాలు. మన హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే నల్ల కార్బోరండం రాయి దీనికి మరీ గరుకు.

పద్ధతి ఇది. రాయి కింద తడిగుడ్డ. వాదర రాయి మీద ఆనించి, వెన్నుని రాయి నుంచి పైకెత్తండి. వెడల్పు 30 మి.మీ. అయితే 15 డిగ్రీలకి ఎత్తు దాదాపు 8 మి.మీ., వెడల్పు 27 అయితే 7. మొదటిసారి స్కేలు పెట్టి కొలిచి, అంత మందం వచ్చేలా అట్టముక్కలు పేర్చి వెన్ను కింద పెట్టి చూసుకోండి, చేతికి ఆ ఎత్తు గుర్తుంటుంది. అట్ట తీసేసి మొదలుపెట్టండి. ఎడమచేతి రెండు వేళ్లు వాదరకి సరిగ్గా పైన పెట్టి నొక్కాలి. వేళ్లు ఎక్కడుంటే అక్కడే అరుగుతుంది. పిడి దగ్గర, మధ్య, మొన, ఇలా మూడు భాగాలుగా చెయ్యండి. మొన వైపు వాదర వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడ పిడిని కొద్దిగా పైకి లేపాలి. లేపకపోతే మొన దగ్గర రాయి వాదరకి అందదు, కొత్తవాళ్ల కత్తికి మొన ఎప్పుడూ మొద్దుగా ఉండేది ఇందుకే.

ఒక్కో భాగానికి 20-30 సార్లు రుద్దాక, అవతలి పక్క బొటనవేలితో వెన్ను నుంచి వాదర బయటికి నిమిరి చూడండి. పొడవునా సన్నని గరుకు తగలాలి. దాన్నే నూగు అంటున్నాం. నూగు లేవకుండా రెండో పక్కకి తిప్పితే పదును రాదు. అందరూ చేసే తప్పు ఇదొక్కటే. పొడవునా నూగు వచ్చాక రెండో పక్క కూడా అలాగే చెయ్యండి. తర్వాత ఒత్తిడి తగ్గిస్తూ పక్కకి అయిదు, మూడు, చివరికి ఒక్కొక్కటి, కత్తి బరువు తప్ప ఏమీ వెయ్యకుండా. రాయి మీద వచ్చే బురద కడగవద్దు, పని చేసేది అదే.

బ్రాడీపేట_గరిట | రాత్రి 8:20

ఉక్కు_లెక్క గారు, తెనాలి గారు ఇద్దరూ వీజీ10 నూగు మొండిదన్నారు కదా. అది పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

తెనాలి_కత్తిపీట | రాత్రి 8:45

పాత వార్తాపత్రిక కాగితాన్ని పైనుంచి కిందకి కొయ్యండి. ఒకచోట తట్టుకుని చిరిగితే అక్కడ నూగు మిగిలిందన్నమాట. ఆ చోటుని మెత్తని కర్ర ముక్క అంచు మీద నొక్కకుండా ఒక్కసారి లాగి, మళ్లీ రాయి మీద పక్కకి రెండు తేలిక గీతలు గియ్యండి. చివరగా పాత తోలు బెల్టు లోపలి గరుకు వైపు, వాదర వెనక ఉండేలా, వెన్ను ముందుగా లాగండి, పక్కకి పదిసార్లు. వాదర ముందుకి తోశారంటే తోలు తెగుతుంది. నూగు మిగిలిన కత్తి మొదటి రోజు బ్రహ్మాండంగా కోస్తుంది, రెండో రోజుకి మొద్దవుతుంది. నూగు విరిగిపోయి, అసలు వాదర కింద ఎక్కడో ఉండిపోవడమే దానికి కారణం.

లబ్బీపేట_వంటిల్లు | రాత్రి 9:05

పదును పరీక్షకి గోరు మీద, చేతి వెంట్రుకల మీద పెట్టొద్దు. బాగా పండిన టమాటా మీద కత్తి ఆనించి, నొక్కకుండా వెనక్కి లాగండి. తొక్క దిగిందంటే చాలు. నలుగురి వంటకి రాయి నెలా రెండు నెలలకోసారి, మధ్యలో వారానికోసారి తోలు.

ఉక్కు_లెక్క | రాత్రి 9:20

రాయి మధ్యలో గుంట పడుతుంది, అది కూడా చూసుకోండి. రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, మందపాటి గాజు మీద 220 నంబరు వాటర్ పేపర్ తడిపి పరిచి, గళ్లన్నీ చెరిగేదాకా రాయిని దానిమీద రుద్దండి. వాటర్ పేపర్ విజయవాడ వన్‌టౌన్ హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, గుంటూరు పట్నంబజారులోనూ అడగొచ్చు. గుంట రాయి మీద ఎంత జాగ్రత్తగా రుద్దినా కోణం నిలవదు.

9,000ని ఇలా పంచుకోండి: కత్తికి ఆరు, ఆరున్నర వేలు. రాయికి రెండు వేల లోపు. మిగిలింది పలకకి. రాయి లేకుండా మొత్తం డబ్బు కత్తి మీద పెడితే మూడు నెలలకి మీ చేతిలో ఉండేది ఖరీదైన మొద్దు కత్తి.

బ్రాడీపేట_గరిట | ఆదివారం ఉదయం 6:50

అలాగే చేస్తానండీ. బంధువులు వచ్చే నెల ఒసాకా నుంచి వస్తున్నారు, వాళ్లతో తెప్పించుకోవచ్చా? ఇంకొకటి, ఒకవేళ పన్ను ఊడినా, మొన విరిగినా ఏం చెయ్యాలి?

గవర్నర్‌పేట_కిచెన్ | ఉదయం 7:30

తెప్పించుకోవచ్చు. ఒసాకా పక్కనే సకాయ్ ఉంది, జపాన్‌లో కత్తుల తయారీకి పేరున్న ఊరు. కాకపోతే అక్కడి దుకాణాల్లో ఒక్క పక్క సాన కత్తులు, కార్బన్ ఉక్కు ఎక్కువ కనపడతాయి కాబట్టి 'రెండు పక్కల సాన, స్టెయిన్‌లెస్, పెటీ, 150' అని కాగితం మీద రాసి ఇవ్వండి. విమానంలో చేతిసంచిలో పెడితే తీసేసుకుంటారు. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. మందపాటి అట్టని మడిచి వాదర మీద తొడిగి టేపు చుట్టి, బట్టల మధ్యలో పెట్టమనండి. మొన దగ్గర అట్ట రెండు పొరలుండాలి, పెట్టె పడేసినప్పుడు ముందు విరిగేది అదే. ఇంట్లో కూడా గరిటెల డ్రాయరులో పడెయ్యకుండా ఆ అట్ట తొడుగుతోనే పెట్టండి. అయస్కాంతం పట్టీ ఉంటే వెన్ను ముందు ఆనించి, తర్వాత రేకు వాల్చండి. తీసేటప్పుడు కూడా వెన్ను మీదుగానే తిప్పి తియ్యాలి.

సానరాయి | ఉదయం 8:10

పన్ను అర మిల్లీమీటరు లోపయితే ఏమీ చెయ్యకండి, మూడు నాలుగు మామూలు పదునులకి అదే అరిగిపోతుంది. అంతకంటే పెద్దదైతే 400 నంబరు రాయి కావాలి. పన్ను ఒక్కచోటే గీకొద్దు, అక్కడ గుంట పడుతుంది. మొత్తం వాదరని అదే కోణంలో రెండు పక్కలా సమంగా, పన్ను మాయమయ్యేదాకా అరగదియ్యండి. వాదర పైకి జరిగిన కొద్దీ రేకు మందం భాగంలోకి వస్తుంది, పదును ఉన్నా కేరట్‌లో ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు వెన్నుని 2-3 మి.మీ. మాత్రమే ఎత్తి పక్కలు పలచన చేసి, తర్వాత 1000 మీద మళ్లీ 15 డిగ్రీల పదును.

మొన విరిగితే వాదర వైపు నుంచి అరగదియ్యకండి, మొన పైకి లేచిపోయి పలకకి తగలదు. వెన్ను వైపు నుంచే, కొద్దికొద్దిగా వంపు తిప్పుతూ కిందికి అరగదీసి వాదర చివరికి కలపాలి. రేకు వేడెక్కకుండా రాయి మీద నీళ్లు పోస్తూ చెయ్యండి. రెండు మిల్లీమీటర్లు విరిగితే అరగంట పని. కత్తి 148 అవుతుంది, మొన మాత్రం మళ్లీ పలకని తాకుతుంది.